చెంచులక్ష్మి పేరు మీద

విశాఖపట్నం, ఈత హాస్టల్
15 జూన్ 2025

అత్తా,

ఇక్కడికి వచ్చి ఏడాది దాటింది. ఈ నీళ్లు ఇంత నీలంగా ఎందుకుంటాయో ఇప్పటికీ నాకు అనుమానమే. మన పలకల గని గుంతలో నీళ్లు నల్లగా ఉండేవి, అడుగు ఎక్కడుందో తెలిసేది కాదు. ఇక్కడ అడుగున గీతలు గీసిపెట్టారు, దారి తప్పకుండా.

ముందు ఒక మాట. కవరు మీద పుల్లమ్మ అని రాయొద్దు. పోయిన నెల వార్డెన్ నీ కవరు పట్టుకుని భోజనాల దగ్గర "పుల్లమ్మ ఎవరు" అని అరిచింది. ఎవరూ పలకలేదు. నేనూ పలకలేదు. తర్వాత నా గదిలో ఉండే శిల్ప కవరు మీద ఊరి పేరు చూసి కనిపెట్టేసింది. ఇప్పుడు అందరూ అదే పేరు పెట్టి పిలిచి నవ్వుతున్నారు. రిజిస్టరులో ఉన్నట్టు చెంచులక్ష్మి అనే రాయి.

ఆదివారం పది నిమిషాలు ఫోన్ ఇస్తారు గానీ వార్డెన్ పక్కనే కూర్చుని వింటుంది. అందుకే ఉత్తరం. అసలు సంగతి ఏంటంటే, ఈ డిసెంబరుకు నాకు పదిహేను నిండుతాయి కదా, నన్ను పెద్ద గ్రూపులో వేశారు. పదిహేను నుంచి పదిహేడేళ్ల వాళ్లు. పోయిన ఏడాది చిన్న గ్రూపులో మూడో స్థానం వచ్చింది కాబట్టి నా సీటు నిలిచింది. ఈసారి నవంబరు చివర రాష్ట్ర పోటీలు. పెద్ద గ్రూపులో మొదటి ముగ్గురిలో రాకపోతే సీటు తీసేస్తారని మధుసూదన్ సార్ చెప్పారు. మా కోచ్ సార్ అబద్ధం చెప్పరు. నవ్వరు కూడా.

నా ఎడమ చెయ్యి ఎవరినో పట్టుకుని ఈదుతున్నట్టు ఉంటుందంటారు సార్. నిజమే కదా. ఒంటి మీది పిడుదులు రాలిపోవాలని నాయన మందను గనిలో దించితే, ఒక్కో గొర్రె గదవ కింద ఎడమ చెయ్యి పెట్టి అవతలి ఒడ్డుకు తోలింది నేనే. సార్‌కు ఈ మాట చెబితే "గొర్రెలా?" అన్నారు. "అవును సార్, నూట నలభై" అన్నాను. అమ్మ మాత్రం ఒక్కసారి కూడా నా ఈత చూసేది కాదు. పక్కనున్న పలకముక్కల గుట్ట మీద అటు తిరిగి కూర్చునేది. నేను మునుగుతానని భయమేమో.

పోటీలకు పుట్టిన సర్టిఫికెట్ అసలుది కావాలట. నీ ట్రంకు పెట్టెలో ఉంటుందని అమ్మ చెప్పేది. వెంటనే పంపు.

చెంచులక్ష్మి


పెద్దారవీడు
29 జూన్ 2025

చిరంజీవి చెంచులక్ష్మికి,

చూశావా, నువ్వు చెప్పినట్టే రాశాను. ఇంకెప్పుడూ ఆ పేరు రాయను, నీ స్నేహితురాళ్ల నవ్వులు నీకు, నా చేతిరాత నాకు. నా అంగన్‌వాడీలో ఇరవై రెండు మంది పిల్లలు. వాళ్లలో ఒక్కరికీ ఇంట్లో పేరూ రిజిస్టరులో పేరూ ఒకటి కాదు. హాజరు వేసేటప్పుడు నేను ఒక పేరు పిలుస్తాను, వాళ్ల అమ్మలు తలుపు దగ్గర నిలబడి ఇంకో పేరుతో లోపలికి తోస్తారు. అయినా ఎవరి గుడ్డు వాళ్లు తిని పోతున్నారు.

ఇక్కడ చినుకు లేదు. అన్నా వదినా మందను తోలుకుని దొనకొండ వైపు పోయారు. అక్కడ కోసిన చేలల్లో ఇంకా మేత ఉందట. సిగ్నల్ దొరికినప్పుడు మీ నాయన నాకు ఫోన్ చేసి ముందు నీ సంగతి అడుగుతాడు, తర్వాత నా సంగతి మరిచిపోతాడు. దారిలో కనిపించిన ప్రతివాడికీ "మా బిడ్డ నీళ్లల్లో ఉద్యోగం చేస్తాంది" అని చెబుతున్నాడు. దిద్దినా వినడు.

సర్టిఫికెట్ అసలుది కనపడటం లేదమ్మా. ఎలకలు కొట్టేశాయో ఏమో. జిరాక్సు ఒకటి దొరికింది, పెడుతున్నాను. ఆధార్ ఉంది కదా, అది చూపించు. వయసు సంగతి సార్లతో ఎక్కువ మాట్లాడకు. చిన్న గ్రూపో పెద్ద గ్రూపో, నీళ్లు ఒకటే కదా. బాగా తిను, నెత్తికి నూనె పెట్టుకో.

మీ అత్త
రాధాకుమారి


విశాఖపట్నం
22 ఆగస్టు 2025

అత్తా,

ఆరో స్థానం. జిల్లా పోటీల్లో, ఎనిమిది మందిలో ఆరు.

వంద మీటర్లు ఒక నిమిషం తొమ్మిది సెకన్ల ఎనిమిదిలో కొట్టాను. ఇంత వేగంగా నేను ఎప్పుడూ ఈదలేదు. గోడ ముట్టుకుని తల ఎత్తేసరికి శిల్ప అప్పటికే కళ్లద్దాలు తీసి తుడుచుకుంటోంది. వాళ్ల భుజాలు చూడాలి నువ్వు. నా రెక్క వాళ్ల మోచేతి దగ్గర ఆగిపోతుంది. అదే రోజు చిన్న గ్రూపులో మొదటి స్థానం వచ్చిన పిల్ల టైము ఎంతో తెలుసా? ఒక నిమిషం పది సెకన్ల ఆరు. నా కంటే వెనక. ఆ పిల్లకు బంగారు పతకం వేసి ఫొటో తీశారు. నేను తువ్వాలు కప్పుకుని చూస్తూ నిలబడ్డాను.

ఇంకో సంగతి ఉంది. ఇది అమ్మకు చెప్పొద్దు.

ఏడాదికొకసారి చేసే పరీక్షల్లో డాక్టరమ్మ నా మణికట్టు ఎక్స్‌రే తీయించింది. ఎముకలు పన్నెండు పదమూడేళ్ల పిల్ల ఎముకల్లా ఉన్నాయట. పదిహేనేళ్ల దానికి ఇలా ఉండకూడదట. ఎదుగుదల రెండేళ్లు వెనకబడింది, లోపల ఏదో లోపం ఉంది అన్నది. రక్తం తీశారు. వచ్చే నెల నుంచి సూదులు మొదలుపెట్టాలట, రోజూ ఒకటి, ఎన్నాళ్లో చెప్పలేదు. సార్ నా ముందు ఏమీ అనలేదు గానీ, తలుపు అవతల "లోపమున్న పిల్లను పెద్దవాళ్ల మీదికి తోలి ఏం లాభం" అనడం విన్నాను.

నాకేమైంది అత్తా? చిన్నప్పుడు ఏదైనా జబ్బు చేసిందా? గనిలో నీళ్లు తాగడం వల్లనా? అద్దంలో చూసుకుంటే ఆగిపోయిన దానిలా కనపడుతున్నాను. నువ్వు అంగన్‌వాడీలో పిల్లల్ని తూకం వేసి రాసేదానివి కదా, నన్నూ వేసి ఉంటావు. ఉన్నది ఉన్నట్టు రాయి. సీటు పోతే పోయింది, నాకేం జబ్బో చెప్పు.

చెంచులక్ష్మి


పెద్దారవీడు
30 ఆగస్టు 2025

పుల్లీ,

నీకు ఏ లోపమూ లేదు. సూదులు వేయించుకోకు. ముందు ఈ రెండు ముక్కలు చదువుకుని, గుండె కుదుటపడ్డాక మిగతాది చదువు.

నీకు పదిహేనేళ్లు రావడం లేదు. వచ్చే కార్తీకానికి పదమూడు నిండుతాయి. ఆ ఎక్స్‌రే చెప్పింది నిజం. అబద్ధం చెప్పింది నేను.

వదినకు మొదటి కాన్పు మార్కాపురం ఆసుపత్రిలో అయింది. ఆడపిల్ల. 2010 డిసెంబరు. చెంచులక్ష్మి అని పేరు పెట్టుకుని, సర్టిఫికెట్ తీసుకుని దాచుకున్నాం. తొమ్మిది నెలల పిల్ల, మంద కొండ కింద ఉన్నప్పుడు జ్వరం వచ్చింది. రోడ్డు మీదికి ఎత్తుకొచ్చేసరికి అయిపోయింది. గని పక్కన, పలకముక్కల గుట్ట కింద పూడ్చాం. మీ అమ్మ నీళ్ల వైపు చూడకుండా ఎటు తిరిగి కూర్చునేదో ఇప్పుడు తెలిసిందా తల్లీ. పోయినట్టు ఎక్కడా రాయించలేదు. రాయించాలని ఎవరికి తోస్తుంది ఆ రోజు.

తర్వాత నువ్వు మంద దగ్గరే పుట్టావు, చేను గట్టు మీద. ఒక బిడ్డ పోయిన ఇల్లు కాబట్టి, ఎవరిదో పెళ్లి భోజనాలు అయ్యాక ఎంగిలి విస్తరాకుల మీద, అవే పుల్లాకులు, నిన్ను దొర్లించి పుల్లమ్మ అని పేరు పెట్టారు. ఇంత పనికిమాలిన పేరు చూసి చావు కూడా వద్దనుకుని పోవాలని. నీకు నాలుగున్నరేళ్లప్పుడు కరువు. అన్నా వదినా మందతో కోస్తా వైపు పోవాలి, నిన్ను నా దగ్గర వదలాలి. బళ్లో చేరిస్తే మధ్యాహ్నం అన్నం పెడతారు. బళ్లో ఐదు నిండాలన్నారు, సర్టిఫికెట్ అడిగారు. నా పెట్టెలో ఒక కాగితం ఉంది, దాని పిల్ల లేదు. నా చంకలో ఒక పిల్ల ఉంది, దాని కాగితం లేదు. ఆ కాగితం తెచ్చి ఇచ్చాను. అంతే నేను చేసింది. ఆ రోజు నాకు అది తప్పని కూడా అనిపించలేదు, పని అయిపోయిందని సంతోషపడ్డాను.

ఎలకలు కొట్టలేదు. ఆ సర్టిఫికెట్ నా చీరల కింద ఉంది. నువ్వు జూన్‌లో అడిగినప్పుడే చెప్పాల్సింది. భయపడ్డాను. నన్ను తిట్టు.

అత్త


విశాఖపట్నం
8 సెప్టెంబరు 2025

అత్తకు,

నాకంటే ముందు ఒక బిడ్డ పుట్టి పోయిందని తెలుసు. పుల్లమ్మ అని పేరున్న ఎవరికైనా తెలుస్తుంది. దానికి ఒక పేరుందని మాత్రం తెలియదు.

ఒకటో తరగతి నుంచి హాజరుకు పలికింది ఎవరు? నేను చెంచులక్ష్మిని అని ఎన్నివేల సార్లు చెప్పి ఉంటానో లెక్కపెడుతూ కూర్చున్నాను. ఆరో స్థానం వచ్చిన రోజు స్నానాల గదిలో కుళాయి తిప్పి, శబ్దం వినపడకుండా గంటసేపు ఏడ్చాను. ఆ ఆదివారం నువ్వు ఫోన్లో "బాగా తినమ్మా" అన్నావు. నీకు తెలుసు. నాకు పదిహేనేళ్లు కావని తెలిసి కూడా బాగా తినమన్నావు.

సూది వద్దని చెప్పాను. ఎందుకని అడిగితే భయం అన్నాను. అందరూ నవ్వారు.

మార్కాపురం పోయి సరిచెయ్యండి. నవంబరు లోపల. నా వయసు నాకు ఇవ్వండి.


పెద్దారవీడు
12 అక్టోబరు 2025

అమ్మా,

నువ్వు కింద పేరు రాయలేదు. ఏ పేరు రాయాలో తెలియక అని నాకు అర్థమైంది. నేనూ పైన ఏమీ రాయలేకపోయాను.

అన్నా వదినా దొనకొండ నుంచి వచ్చారు. మంద పక్కవాళ్లకు అప్పజెప్పి ముగ్గురం మార్కాపురం ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాం. అక్కడి గుమాస్తా అంతా విని కళ్లజోడు తీసి పెట్టాడు. "అమ్మా, ఆటలాడే పిల్లలకు వయసు తగ్గించమని నెలకు ఇద్దరొస్తారు. ఒకరు మంత్రసానిని పిల్చుకొస్తారు, ఒకరు పంచాంగం తెస్తారు. మీరు ఏకంగా సచ్చిపోయిన పిల్లనే తెచ్చినారే" అన్నాడు. నిజం చెప్పడానికి పోయిన రోజునే నా మొహం దొంగ మొహంలా ఉంది కాబోలు.

నాలుగోసారికి కొంచెం నమ్మి దారి చెప్పాడు. ముందు మొదటి పిల్ల పోయినట్టు తల్లి వేలిముద్ర వేసి రాయించాలి. తర్వాత నీ పుట్టుక కొత్తగా రాయించాలి. ఇద్దరికీ ఒకే పేరు కుదరదు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. మొదటి పిల్ల 2011లోనే పోయిందని రాస్తే, ఆ తర్వాత ఆ పేరు మీద ఉన్న బడి, ఆధార్, నీ పతకం, నీ హాస్టల్ సీటు, అన్నీ చచ్చిపోయిన పిల్లవి అవుతాయట. అవేవీ నీవి కావట.

గుమాస్తా సిరా డబ్బా ముందుకు జరపగానే వదిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "అది సచ్చిపోయిందని నేను యాడా చెప్పలా, చెప్పను. పద్నాలుగేండ్లు కాగితాల్లోనన్నా బతికింది గదా. బడికి పోయింది, పాసయింది. ఇప్పుడు నన్నే సంపమంటారా దాన్ని?" అని లేచి బయటికి వచ్చేసింది. అన్న గేటు దగ్గర నిలబడి తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

ఈ ఒక్క ఏడాదికి అట్లాగే ఈదు తల్లీ. ముగ్గురిలో ఒకదానివి కాలేవా? నా ఉద్యోగం పోతుందని ఈ మాట అంటున్నానని అనుకోకు. అనుకున్నా తప్పులేదు, ఆ భయమూ ఉంది.

అత్త


విశాఖపట్నం
9 నవంబరు 2025

అత్తా,

మధుసూదన్ సార్‌కు అంతా చెప్పేశాను. నిన్ను అడగలేదు. సూదులు వేయించుకోకపోతే హాస్టల్‌లో ఉంచుకోవడం కష్టమన్నారు, ఇంకేం చెప్పను?

సార్ చాలాసేపు స్టాప్‌వాచ్ నొక్కుతూ ఆపుతూ కూర్చున్నారు. "ఎక్స్‌రే చూసినప్పుడే నాకు తట్టింది. వయసు తగ్గించినవాళ్లను చూశాను గానీ పెంచుకుని ఈదేదాన్ని నేను చూళ్లేదు, అందుకే లోపం అనుకున్నాను" అన్నారు. తర్వాత ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"ఇది నేను పైకి రాస్తే చెంచులక్ష్మి సీటు ఈ పూటే ఖాళీ అవుతుంది. రాయకపోతే ముప్ఫయ్యో తారీఖున నువ్వు పెద్దవాళ్లతోనే ఈదాలి. ఓడిపోయావా, సీటు పోతుంది. మొదటి ముగ్గురిలో వచ్చావా, సీటు ఉంటుంది, జాతీయ పోటీలకు పంపుతారు. కానీ, రాష్ట్ర పోటీలకు జిరాక్సు చాలినా, ఆ ఫారంతో అసలు సర్టిఫికెట్ పెట్టి, ఈ వివరాలు నావే అని నువ్వు సంతకం చెయ్యాలి. తెలియక ఇన్నాళ్లు ఈదావు, అది వేరు. తెలిసి సంతకం పెట్టాక ఇక జన్మంతా చెంచులక్ష్మివే. ముప్ఫై దాకా నేను నోరు మూసుకుంటాను. తర్వాత నువ్వే చెప్పాలి."

ఎటు పోయినా గోడే. గెలిస్తే నేను ఉండను, ఓడితే సీటు ఉండదు. నీళ్లలోకి దిగుతుంటే చేతులు బరువెక్కుతున్నాయి. మొన్న సగంలో ఆగిపోయి తాడు పట్టుకున్నాను. నీళ్లలో ఆగిపోవడం నా జన్మలో అదే మొదటిసారి.

అమ్మను ఏమైనా చెప్పమను. తిట్టినా పర్వాలేదు.


పెద్దారవీడు
20 నవంబరు 2025

పుల్లీ,

నీ ఉత్తరం వదినకు చదివి వినిపించాను. తాడు పట్టుకున్న దగ్గర మళ్లీ చదవమంది. ఈ పొద్దున తనే వచ్చి "రాయి, నేను చెప్పినట్టే రాయి, నీ సొంతం కలపొద్దు" అని నా ముందు కూర్చుంది. రాస్తున్నాను.

"పుల్లీ, నిన్న ఆఫీసుకు పోయినా. నేనొక్కదాన్నే బస్సెక్కి పోయినా. ఆ సారు ఏ రోజు పోయిందమ్మా అని అడిగినాడు. వినాయక చవితి పోయిన ఐదో రోజు, తెల్లారుజామున, నా ఒళ్లో అని చెప్పినా. ఏలిముద్ర ఏసినా. నాకు ఇద్దరు బిడ్డలు. ఒకదాన్ని దాచుకోవాలని రెండోదాన్ని ముంచుతున్నానని నాకు తెలవలా.

ఆ పేరు దానికి వదిలెయ్. అది తొమ్మిది నెలలే బతికింది, దానికి వేరే ఏమీ లేదు. నీకు నేను పెట్టిన పేరుంది. ఆ ఎంగిలాకుల మీద నిన్ను దొర్లించేటప్పుడు నేను ఎంత ఏడ్చినానో మీ అత్తకు తెలుసు. ఆ పేరు జూసి సావు నీ జోలికి రాలా. ఆ పిల్లలు నవ్వితే నవ్వనీ.

కాగితాలు రావడానికి ఇంకా నెల పడుతుందంట. ఈదేది ఈదు. సంతకం సంగతి నీ ఇష్టం. పెడితే నేనేమీ అనను. పెట్టకపోతే ఇంటికి రా, గనిలో నీళ్లున్నాయి."

అంతే చెప్పింది. నేనేమీ కలపలేదు. నా ఆఫీసులో కూడా జరిగింది రాసిచ్చి వచ్చాను. ఏం చేస్తారో చేయనీ.

అత్త


విశాఖపట్నం
1 డిసెంబరు 2025

అత్తా,

నిన్న ఈదాను. ఎనిమిదో లేన్‌లో, గోడ పక్కన. మైకులో చెంచులక్ష్మి అని పిలిచారు, వెళ్లి నిలబడ్డాను. ఆ పేరు మీద ఇదే ఆఖరుసారి అనుకుంటే భయం పోయింది. దానికోసం ఒక్కసారి బాగా ఈదాలనిపించింది. మొదటి యాభై మీటర్లు ఏమీ గుర్తులేదు. తిరిగి వచ్చేటప్పుడు ఛాతీ మండిపోయింది, గని అవతలి ఒడ్డు గుర్తొచ్చింది, అక్కడ ఆగడానికి చోటుండేది కాదు కదా. ఎడమ చెయ్యే ముందు తగిలింది గోడకు.

ఒక నిమిషం ఏడు సెకన్ల రెండు. మూడో స్థానం.

శిల్ప మొదటిది. ఆమె వచ్చి నన్ను తడిబట్టలతోనే పట్టుకుంది. కంచు పతకం వేశారు, ఫొటో తీశారు. సార్ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను, నేను చూడలేదని ఆయన అనుకున్నారు.

సాయంత్రం జాతీయ పోటీల ఫారం నా ముందు పెట్టారు, అసలు సర్టిఫికెట్ వారంలో తెప్పించుకోవచ్చన్నారు. పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, అన్నీ ముందే నింపి ఉన్నాయి. కింద సంతకం గీత. పెన్ను తీసుకున్నాను. సీటు కావాలి అత్తా, అబద్ధమెందుకు. ఈ నీళ్లు కావాలి, పొద్దున్నే మోగే ఈల కావాలి, ఇక్కడి గుడ్లు, పాలు కూడా కావాలి. సంతకం పెడితే అన్నీ ఉంటాయి. అమ్మ ఒక్కతే బస్సెక్కి పోయి వేసిన వేలిముద్ర ఒక్కటే అబద్ధమైపోతుంది. పెన్ను కింద పెట్టేశాను.

నాలుగో స్థానం వచ్చిన అమ్మాయి జాతీయ పోటీలకు పోతోంది. సార్ పైకి రాశారు, నా సీటు ఇవాళ పొద్దున ఖాళీ అయింది. పెట్టె సర్దుతుంటే ఏడుపు ఆగలేదు. ఈ ఉత్తరం ఫొటో తీసి నీ ఫోన్‌కు పంపుతానని వార్డెన్ అంది. జూన్‌లో చిన్న పిల్లలకు ట్రయల్స్ ఉంటాయి, కొత్త కాగితంతో వస్తే అందరితో పాటు వరసలో నిలబడొచ్చు అన్నారు సార్. సీటు ఇస్తానని మాట మాత్రం ఇవ్వలేదు. గేటు దాకా వచ్చి, ఒక చీటీ మీద నిన్నటి టైము రాసి, "పేరు ఏం రాయమంటావ్?" అని అడిగారు. పుల్లమ్మ అన్నాను. వయసు పదమూడు అని కూడా రాయమన్నాను. రాసి సంతకం పెట్టి ఇచ్చారు. అది ఎక్కడా చెల్లదు. నా దగ్గర ఉన్నది అదొక్కటే.

పతకం నాది కాదు, అక్కది. అమ్మ చేతికిస్తాను, గుట్ట దగ్గర పెట్టుకుంటుంది.

ఎల్లుండి పొద్దున రైల్లో మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో దిగుతాను. నువ్వు రా. జనంలో కనపడకపోతే నన్ను పేరు పెట్టి పిలువు అత్తా, గట్టిగా. ఎవరు విన్నా పర్వాలేదు. ఈసారి పలుకుతాను.

పుల్లమ్మ